రంభ ఖాతంలో పాత నీటిదారి

బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్ళే రైలులో కుడివైపు కిటికీ కోసం మా ఊరి పిల్లలు ఇప్పటికీ పోట్లాడుకుంటారు. రంభ స్టేషన్ దగ్గర పడుతుండగా కొండలు పక్కకు తప్పుకుని చిలికా సరస్సు ఒక్కసారిగా కనబడుతుంది, కాసేపటికి మళ్ళీ చెట్ల వెనక్కి వెళ్ళిపోతుంది. గంజాం జిల్లా తెలుగువాళ్ళలో చాలామందికి చిలికాతో పరిచయం అంతవరకే. మహా అయితే కాళీజాయి అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి బాలుగావ్ దాకా వెళ్ళి, పడవెక్కి, దర్శనం చేసుకుని, తిరుగుదారిలో పీతల కూరతో భోజనం చేసి ఇంటికి చేరుకుంటారు. సరస్సు దక్షిణపు కొసన, రంభ ఊరి ముందు కొండల మధ్య ఒదిగిన ఖాతం నుంచి పాలూరు మీదుగా ఋషికుల్య నదీముఖం వరకు ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగిన దారి ఒకటి ఉన్నదనీ, దానిలో కొంతభాగం ఇప్పటికీ పడవ మీద చూడవచ్చుననీ తెలిసినవారు తక్కువ.

రోడ్డు మీద తిరిగి చూసినంతకాలం నాకు కూడా ఇవన్నీ విడివిడి విషయాలుగానే కనిపించాయి. గంజాం ఊళ్ళో పాడుబడిన కోట, హుమ్మలో ఉప్పు మళ్ళు, రంభలో పాత దొరగారి మేడ, ఖాతం మధ్య బండరాయి మీద ఒంటరి స్తంభం, పాలూరు కొండ. వీటిలో దేనికీ మరొకదానితో సంబంధం ఉన్నట్టు జాతీయ రహదారి మీదినుంచి తోచదు. నీటి మీదినుంచి చూసినప్పుడు మాత్రం ఇవన్నీ ఒకే దారి మీది మజిలీలని తెలిసిపోతుంది.

ఆ దారి ఎందుకు అవసరమైందో తెలియాలంటే ముందు మా తీరం సంగతి చెప్పాలి. గంజాం తీరం ఓడలకు కలిసివచ్చే తీరం కాదు. ఒడ్డు తిన్నగా, ఏ వంపూ లేకుండా ఇసుక మేటగా సాగిపోతుంది. ఏడాదిలో ఎక్కువకాలం అలలు వరసమీద వరసగా విరిగిపడుతూనే ఉంటాయి. గోపాల్‌పూర్ రేవు వెలుగు వెలిగిన రోజుల్లో సైతం స్టీమర్లు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసుకునేవి. రంగూన్ వెళ్ళే కూలీలనూ, సరుకునూ నోలియా జాలరులు మసూలా పడవల్లో అలలు దాటించి ఓడ దాకా చేర్చేవారు. మేకులు కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్ళతో పలకలు కుట్టి కట్టిన ఆ పడవలు అల దెబ్బకు విరిగిపోకుండా ఒంగి లేచేవి. మన తెలుగు నోలియాల నైపుణ్యమంతా ఆ నాలుగు అలల దూరంలోనే ఉండేదని పెద్దలు అనేవారు. బయట సముద్రం ఇంత కష్టమైనదైతే, దానికీ భూమికీ మధ్య సుమారు 60 కిలోమీటర్ల పొడవున ఇసుక గట్టు అడ్డుపెట్టుకుని నిశ్చలమైన నీరు మరొకటి ఉన్నది. దాని పేరే చిలికా. సరుకును ఎత్తుదించుకోవడానికి తీరం వెంట వ్యాపారం చేసినవారు ఏ కాలంలోనైనా ఈ లోపలి నీటినే వెతుక్కున్నారనడంలో ఆశ్చర్యం లేదు.

చలికాలంలో, గాలి ఇంకా లేవని ఉదయం పూట, మేము రంభ రేవుకు చేరుకున్నాము. నాతో మా బావమరిది, హుమ్మ ఉప్పు కొఠారులో గుమస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా చిన్నాన్నగారు ఉన్నారు. రేవులో పడవల యజమానులు దీవుల పేర్లు వల్లిస్తూ ముందుగా ఒడియాలో పలకరించారు. మేము మాలో మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, వెనకాల ఇంజనుకు డీజిల్ పోస్తున్న పెద్దాయన ఒకరు తలెత్తి, "ఏటి బాబూ, దీవులు సూసి ఒచ్చేత్తారా, పాలూరు దాకా రావాలా?" అని అడిగాడు. ఆయనది ఋషికుల్య నదీముఖం వైపు సముద్రపు ఒడ్డున ఉన్న నోలియా పల్లె. అత్తవారిది పోడంపేట అని, ఆ ఊరిలో చాలాభాగాన్ని సముద్రం కోసుకుపోవడంతో జనం లోపలికి తరలిపోయారని, తాను మటుకు పెళ్ళయిన కొన్నాళ్ళకే రంభ వైపు వచ్చి చిలికాలో పడవ నడుపుకుంటున్నానని చెప్పాడు. "సంద్రంలో కాకపోతే ఇక్కడ. నీరు నీరే కదా" అన్నాడు. చిన్నాన్నగారు ఆయనను అప్పుడే "తమ్ముడూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఇక బేరం సంగతి మాకు వదిలేశారు.

రంభ ఖాతం చిలికాలోని మిగతా భాగాల వంటిది కాదు. మహానది పాయలైన దయా, భార్గవి వంటి నదులు ఉత్తరాన కలుస్తాయి కనుక అటువైపు నీరు మట్టి రంగులో, లోతు తక్కువగా ఉంటుంది. దక్షిణాన లోతు ఎక్కువ, మట్టి తక్కువ, నీరు తేటగా ఉంటుంది. రేవు వదిలిన కొద్దిసేపటికే పడవ అంచు మీదినుంచి తొంగిచూస్తే అడుగున నీటిగడ్డి ఒకేవైపు ఒరిగి ఊగుతూ కనిపించింది. పడవ పక్కగా పోతున్నప్పుడు ఆ గడ్డి మధ్యనుంచి చిన్న చేపలు మందలుగా విడిపోయి, పడవ దాటగానే మళ్ళీ కలుసుకున్నాయి. వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్ల వరకు విస్తరించి, వేసవిలో 906 చదరపు కిలోమీటర్లకు తగ్గిపోయే ఇంత పెద్ద సరస్సులో ఎవరైనా అడుగు చూడగలిగే చోటు ఇదే కాబోలు.

ఖాతం మధ్యలో బండరాళ్ళ గుట్ట మీద నిలబడ్డ కోసు స్తంభం అందరికీ తెలిసిన బీకన్ దీవి. అక్కడ దీపం పెట్టడానికి దానిని కట్టించినవాడు ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాం కలెక్టరుగా పనిచేసిన థామస్ స్నాడ్‌గ్రాస్. రంభలోని మేడ కూడా 1790ల ప్రాంతంలో ఆయన కట్టించినదేనని ప్రతీతి. పర్యాటకులు ఈ స్తంభం ముందు నిలబడి ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. కానీ ఇది అందానికి కట్టినది కాదని, ఎక్కడ కట్టారో గమనిస్తే తెలుస్తుంది. మా నావికుడు ఇంజను ఆపి, పడవను నీటి వాలుకు వదిలి, గెడతో ఆ గుట్ట చుట్టూ నీటి కింద దాగిన రాళ్ళను ఒక్కొక్కటిగా తాకి చూపించాడు. గెడ ఒకచోట టక్కున ఆగింది, అడుగు దూరం జరిపితే నిలువునా దిగిపోయింది. రాతిమీద గెడ రాసుకున్నచోట పచ్చని నాచు అంటుకుని వచ్చింది. చీకట్లో ఉప్పు బస్తాలతోనో ధాన్యంతోనో వస్తున్న పడవ ఈ రాళ్ళమీద ఎక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. స్తంభం మీద ఇప్పుడు దీపం లేదు. నీటికాకులు మాత్రం రెక్కలు ఆరబెట్టుకుంటూ దానిని బాగానే వాడుకుంటున్నాయి.

స్నాడ్‌గ్రాస్ దొరను గురించి మా ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. జిల్లా ఆదాయాన్ని సొంతానికి వాడుకున్నాడన్న అనుమానంతో కంపెనీ ఆయనను తప్పించిందట. లండన్ చేరిన తరువాత పింఛను ఇవ్వమంటే కాదన్నారట. దాంతో ఆయన కంపెనీ కార్యాలయం ఎదుటి వీధిలో చీపురు పట్టుకుని ఊడ్వడం మొదలుపెట్టాడట. ఒకప్పటి కలెక్టరు మా గుమ్మం ముందు చీపురు పడితే పరువేం కానని డైరెక్టర్లు పింఛను మంజూరు చేశారట. మరునాడు ఆయన గుర్రాల బండిలో దిగి వారికి ధన్యవాదాలు చెప్పి వెళ్ళాడట. ఇందులో ఎంత నిజమో ఎంత కల్పనో గాని, ఇంత మేడ, ఇంత స్తంభం కట్టించుకున్న మనిషి అంతపని చేయగలిగినవాడే అనిపిస్తుంది. చిన్నాన్నగారు ఈ కథ విని, "మాకు పింఛను కాగితాలు కదలడానికి ఆ ఉపాయం తోచలేదురా" అన్నారు.

ఆ మేడ తరువాతి కాలంలో ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నిటినీ ఒక్కటి చేయాలన్న ఉద్యమానికి వేదికైన ఉత్కళ సమ్మేళని తొలి మహాసభ 1903 డిసెంబరులో కటక్‌లో జరిగింది. దానికి ముందు రాజా హరిహర మర్దరాజ్ ఆధ్వర్యంలో ఈ మేడలోనే సమాలోచనలు జరిగాయని చెబుతారు. ఆ ఉద్యమ ఫలితంగా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ప్రాంతం అందులో కలిసింది. మా తాతల తరం తెలుగువాళ్ళు ఊరు కదలకుండానే ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్ళిపోయినది ఆ రోజే. మేడ ఇప్పుడు హోటలుగా మారింది. నీటి మీదినుంచి దానిని చూస్తే ముఖం ఖాతం వైపే ఉందని స్పష్టంగా తెలుస్తుంది. దానిని కట్టినవారికి రాకపోకలు జరిగే వీధి నీరేనన్నమాట.

బ్రేక్‌ఫాస్ట్ దీవి గురించి పెద్దగా చెప్పుకోవలసినది లేదు. ఖల్లికోట రాజు కట్టించిన చిన్న బంగళా శిథిలాలు, వాటి చుట్టూ అల్లుకున్న చెట్లు. మేము పేరుకు తగ్గట్టు అక్కడే ఇడ్లీల పొట్లం విప్పాము. హనీమూన్ దీవి అని పడవవాళ్ళు పిలిచే బర్కుడా మాత్రం నాకు ముఖ్యమైనది. దానికి కారణం ఒక బల్లి. జంతుశాస్త్రవేత్త నెల్సన్ అన్నండేల్ ఈ దీవిలో దొరికిన, కాళ్ళే లేని ఒక నలికిరి జాతిని 1917లో లోకానికి పరిచయం చేసి, దీవి పేరునే దానికి పెట్టారు. ఆ ముందటి సంవత్సరమే ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు ఆయనే మొదటి డైరెక్టరు. పామనుకుని కొట్టేస్తారేమో అని భయం వేసేంత చిన్న ప్రాణి అది. మట్టిలోనే బతుకుతుంది కనుక అది మాకు కనబడుతుందన్న ఆశ ఎవరికీ లేదు. కనబడనూ లేదు.

దీవులు దాటాక పడవ ఆగ్నేయానికి తిరిగింది. అక్కడినుంచి పాలూరు కొండ ఎదురుగా నిలబడుతుంది. చదునైన ఇసుక తీరంలో, ఇటు సరస్సుకూ అటు సముద్రానికీ మధ్య, దూరం నుంచి గుర్తుపట్టగలిగిన ఎత్తు అదొక్కటే. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలమీ తూర్పుతీరంలో "పలూర" అనే పట్టణాన్ని పేర్కొన్నాడు. తీరం వెంటే వస్తున్న ఓడలు ఒడ్డును వదిలిపెట్టి నడిసముద్రంలోకి, సువర్ణభూమి అని పిలిచిన ఆగ్నేయాసియా వైపుకు, తిరిగే చోటు దానికి సమీపంలోనే ఉన్నదని రాశాడు. ఆ పలూర ఈ పాలూరేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. సరస్సుకు ఈశాన్యపు కొసన ఉన్న మాణికపట్నంలో జరిగిన తవ్వకాల్లో రోమన్ కాలపు ఆంఫోరా పాత్రల ముక్కలు, చైనా సెలడాన్ పింగాణీ, సింహళ నాణేలు బయటపడ్డాయి. అంటే సరస్సు ఆ కొసనా ఈ కొసనా దూరదేశపు ఓడలు వచ్చి ఆగాయి, మధ్యలో లోపలి నీటి మీద చిన్న పడవలు సరుకును అటూ ఇటూ చేరవేశాయి అని ఊహించడానికి తగిన ఆధారం ఉన్నది. పుస్తకంలో చదివినప్పుడు నాకు అంతగా పట్టని విషయం, పడవలో కూర్చుని ఆ కొండను గంటసేపు ఒకే దిక్కున చూస్తూ వెళ్ళిన తరువాత పట్టింది. నావికుడు చుక్కాని పట్టుకున్నంతసేపూ దానినే గురిగా పెట్టుకున్నాడు. "పొద్దున్న మంచు కురిసినా పాలూరు కొండ నెత్తి కనపడతాది బాబూ. అది కనపడితే సాలు" అన్నాడు. తీరం వదలబోయే ఓడవాడికి చివరి గురుతు, సముద్రం మీదినుంచి వచ్చేవాడికి మొదటి గురుతు అదే అయివుండాలి.

ఇక కాలువ. చిలికా దక్షిణపు కొసనూ ఋషికుల్య నదీముఖాన్నీ కలుపుతూ, సముద్రపు ఒడ్డుకు సమాంతరంగా సుమారు 18 కిలోమీటర్ల దూరం పాలూరు కాలువ సాగుతుంది. ఆంగ్లేయుల కాలంలో సరుకు రవాణాకు ఉపయోగపడినది ఇదే. చిలికా మీద వచ్చిన పడవ అలల సముద్రాన్ని తాకనవసరం లేకుండానే గంజాం రేవుకు చేరేది. హుమ్మ, సుర్లా ప్రాంతాల ఉప్పు మళ్ళన్నీ ఈ నీటికి దగ్గరలోనే ఉన్నాయి. ఉప్పు బరువైన సరుకు, చవకైన సరుకు కూడా. బండ్ల మీద దూరాలకు తోలితే బాడుగ ఖర్చులోనే లాభం హరించుకుపోతుంది. అటువంటి సరుకుకు పడవకు మించిన వాహనం లేదు. తమ తండ్రిగారి కాలంలో కొఠారు దగ్గర బస్తాలు తూకం వేసి పడవకు ఎత్తేవారని చిన్నాన్నగారు విన్నదే గాని చూసినది కాదు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి అంతా లారీలు, వ్యాగన్లే.

కాలువ మొదట్లో నావికుడు ఇంజను పూర్తిగా ఆపేసి, దాని కాడను నీటిలోంచి పైకెత్తి కట్టేశాడు. అక్కడినుంచి గెడే. ఆయన గెడ వేసి తీసినప్పుడల్లా వెదురు మీద తడి గీత ఒకటి, దాని కింద బురద గీత ఒకటి కనిపించేవి. మొదట్లో బురద గీత జానెడు ఉంటే, లోపలికి వెళ్ళేకొద్దీ అది మూరెడు అయింది, తడి గీత తగ్గుతూ వచ్చింది. నల్లని, వాసన కొట్టే బురద. మధ్యమధ్య గెడ ఇసుకలో గరగరమన్నప్పుడు ఆయన ముఖం విప్పారేది. ఇసుక తగిలిందంటే సముద్రం వైపునుంచి పోటు నీరు ఇంకా వస్తున్నట్టేనట, బురద మాత్రమే తగిలితే నీరు నిలిచిపోయినట్టట. "మెరకెక్కిందంటే దిగి తోయాల్సిందే. మీరు కాదులే, నానే" అని నవ్వాడు. కాలువకు రెండువైపులా వెదురు కర్రలకు వలలు కట్టి చేపలను మళ్ళించే దడులు వరసగా ఉన్నాయి. పడవకు దారి వాటి మధ్య ఎంత మిగిలితే అంతే. ఒకచోట దడి కర్రలను తాకకుండా వెళ్ళడానికి మేమందరం ఒకేవైపుకు జరగవలసి వచ్చింది.

సరుకు పడవలు పోయినా ఈ కాలువకు పని తప్పలేదు. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఋషికుల్య వైపునుంచి చిలికాలోకి వచ్చే దారుల్లో ఇది ఒకటి. ఇది పూడిపోతే దక్షిణపు సరస్సులో జాలరి బుట్ట బరువు తగ్గుతుంది. చిలికా అంతటికీ ఇదే కథ పెద్ద ఎత్తున జరిగింది. 1981లో చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన సరస్సు, సముద్రపు మొగ పూడుకుపోయి ఉప్పదనం తగ్గి, చేపలు తగ్గి, కలుపు పెరిగి, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సతపడా సమీపంలో కొత్త మొగ తవ్విన తరువాత కోలుకుని 2002లో ఆ జాబితానుంచి బయటపడింది. అయితే ఆ మొగ ఉత్తరాన ఉన్నది. రంభ ఖాతం దాకా దాని ప్రభావం వచ్చేసరికి పలచబడుతుంది. మా కొసకు అండ ఈ పాత కాలువే. బీకన్ స్తంభానికి సున్నం వేయించడం కంటే ఈ కాలువలో పూడిక తీయించడం చరిత్రకు చేసే పెద్ద సేవ అని నా అభిప్రాయం. దీనిని తవ్వినదే నీరు కదలడానికి కదా.

కాలువలో లోతు తగ్గినచోట మేము వెనుదిరిగాము. రెండవ కొసను మరొక రోజు గంజాం ఊరి వైపునుంచి రోడ్డు మీద వెళ్ళి చూశాము. ఇక్కడి మొదటి కంపెనీ రెసిడెంటు, అంటే ప్రతినిధి, ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ 1768లో కట్టించిన పోటగడ కోట ఋషికుల్య ఉత్తరపు ఒడ్డుకు చేరువలో ఉంది. జిల్లాకు తన పేరు ఇచ్చిన ఈ ఊరు ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1815లో ప్రబలిన విషజ్వరాలకు జనం రాలిపోవడంతో కంపెనీ కార్యాలయాలు ఇక్కడినుంచి తరలిపోయాయి, గంజాం మళ్ళీ లేవలేదు. 1890ల్లో రైలు మార్గం రావడంతో పడవ బేరం కూడా సన్నగిల్లింది. కొండలకూ సరస్సుకూ మధ్య ఉన్న సన్నని జాగాలోంచి రైలు వేశారు కనుక, పాత నీటిదారికి పక్కనే, దానికి కనుచూపు మేరలో, దాని పొట్ట కొట్టిన దారి పడింది.

చూడదలచినవారికి రెండు మాటలు. రంభ రేవులో మామూలు బాడుగ బీకన్, బ్రేక్‌ఫాస్ట్, బర్కుడా, పక్షుల దీవి చుట్టి రావడానికే వర్తిస్తుంది. పాలూరు వైపు వెళ్ళాలంటే ముందుగానే చెప్పి, కాలువ మొదటి దాకానా, లోపలికా అన్నది తేల్చుకోవాలి. లేకపోతే సగం దూరంలో మళ్ళీ బేరం మొదలవుతుంది. పొడవాటి గెడ, దానిని వేయడం వచ్చిన మనిషి పడవలో ఉన్నారో లేదో చూసుకోండి, ఇంజను ఒక్కదానితో కాలువలో పని జరగదు. లైఫ్ జాకెట్లు అడిగితే తీసి ఇస్తారు, అడగకపోతే ముక్కు కింద ఉన్నా ఇవ్వరు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయం బయలుదేరితే మంచిది. మధ్యాహ్నం దాటితే ఖాతంలో గాలి లేస్తుంది, పడవవాళ్ళు దీవుల అవతలికి రావడానికి ఇష్టపడరు. తినడానికి, తాగడానికి కావలసినవి వెంట తీసుకువెళ్ళాలి. పాలూరు వైపు నీళ్ళ సీసా కూడా దొరకదు.